అడిగిందల్లా ఇస్తానన్న మిషను

కుప్పంలో నేను పనిచేసిన ఇంజనీరింగు కాలేజీ ప్రిన్సిపాలుగారికి ఒక గొప్ప నమ్మకం ఉండేది. గోడ మీద ఏది రాసి ఉంటే అది నిజమని. "తాగునీరు" అని రాసిన చోట కుళాయి ఎండిపోయినా ఆయనకు చింత లేదు, ఆ అక్షరాలు వెలిసిపోతే మాత్రం అదే రోజు పెయింటరును పిలిపించేవారు. మా కంప్యూటరు ల్యాబు తలుపు మీద "సామర్థ్యం: అరవైమంది విద్యార్థులు" అని ఎర్ర పెయింటుతో రాయించిందీ ఆయనే. ఆ ల్యాబుకు ఇన్‌ఛార్జిని నేను. తలుపు బయట ఏం రాసినా లోపల మాటలు పడేది నేనే కాబట్టి, ఆ ఎర్ర పెయింటుకూ నాకూ మొదటి రోజు నుంచే పడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పటిదాకా కంప్యూటర్ల బ్రాంచిలో ముప్పై సీట్లు. ఆ ఏడు అరవై చేశారు. సీట్లు పెరిగాయి కాబట్టి కుర్చీలు వచ్చాయి, బల్లలు వచ్చాయి, తెరలూ కీబోర్డులూ వచ్చాయి. రానిది ఒక్కటే, మెమరీ. మా ల్యాబులో పిల్లల ముందుండేవి ఉత్త తెరలు. వాటికి సొంత బుర్ర లేదు. మూలనున్న అద్దాల గదిలో ఒక పెద్ద మిషను ఉండేది, అందరి ఆలోచనా అదొక్కటే చేయాలి. ఒకే పొయ్యి మీద ఊరందరికీ వంట అన్నమాట. పొదుపు కోసమని ప్రిన్సిపాలుగారి గదిలోని తెరను కూడా దానికే తగిలించారు. ముప్పైమందికి కొన్న ఆ మిషనే ఇప్పుడు అరవైమందికీ ఆలోచించాలి. కారణం? తలుపు మీద రాసుంది కదా.

నలభైమంది కూర్చున్న రోజు కీబోర్డు మీద ఒక అక్షరం కొట్టి, బయటికి పోయి టీ తాగి వస్తే అప్పుడు తెర మీద కనిపించేది. అప్పుడే జావా అనే కొత్త భాష ఒకటి సిలబస్‌లోకి వచ్చింది. రెండు అంకెలు కూడాలన్నా ముందు గంగాళం పెట్టమనే రకం అది. అలాంటి దానిలో, రాబోయే సోమవారం, అరవైమందికీ ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు ఒక్క రోజుకే వస్తాడు. పిల్లలు ప్రోగ్రాము రాసి, నడిపించి, జవాబు ప్రింటు తీసి చూపించాలి. మధ్యలో మిషను పడిపోతే రాసిందంతా పోతుంది. ప్రింటు లేకపోతే మార్కుల్లేవు, మళ్లీ ఏడాదికి గానీ ఆ పరీక్ష రాదు. పడిపోయింది మిషనే గానీ పిల్ల కాదని మార్కుల కాగితం మీద ఎవరూ రాయరు.

అందుకని గురువారం ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లాను.

"సార్, సోమవారం రెండు బ్యాచులు పెడదాం. పొద్దున ముప్పై, మద్దేన్నం ముప్పై."

"రెండు బ్యాచులు యాలమ్మా? తలుపు మీద ఏం రాసుండాది?"

"తలుపు మీద రాసింది మిషనుకు తెలీదు సార్."

"నీకు తెల్సు కదా. వచ్చే నెల సీట్ల తనిఖీకి కమిటీవాళ్లు వస్తాండారు. రెండు బ్యాచులని రికార్డులో పడితే ల్యాబు సాలదని మనకు మనమే రాసిచ్చినట్టు కాదా? నువ్వేమన్నా అవతలి కాలేజీవాళ్ల మనిషివా?"

"నా నోటికి బయపడి వాళ్లు నన్ను గేటు దాటనీరు సార్."

ఆ మాట మాత్రం ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. కాసేపు పేపరువెయిటును తిప్పి, "సాలదు సాలదంటే ఎట్లమ్మా? సాలదని సూపీ. అప్పుడు ఆలోచిస్తాం" అన్నారు.

అది నాకు తెలిసిన పనే. మిషను ఓర్పును పరీక్షించడం నేను పదేళ్ల క్రితమే మదనపల్లెలో నేర్చుకున్నాను. పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయి అక్కడ డిగ్రీ చదివేదాన్ని. ఆ కాలేజీలో కంప్యూటరుకున్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. మాకు ఫ్యానులు తిరగవు, దానికి ఏసీ. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని లోపలికి పోవాలి. దాని మీద పూల గుడ్డ కప్పి ఉండేది, పెండ్లికూతురి మీద ముసుగులాగా. లెక్చరరుగారు ముసుగు తీస్తే మేము దూరం నుంచి చూసి తరించి వచ్చేవాళ్లం. ఒకరోజు నా వంతు వచ్చినప్పుడు, పుస్తకంలోని లెక్క చేయకుండా, చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాను. దాని పని ఒక్కటే. కొంచెం మెమరీ ఇవ్వమని అడగడం, ఇస్తే మళ్లీ అడగడం, లేదనేదాకా అడుగుతూనే ఉండడం. అరవై కిలోబైట్లు కూడా నిండకముందే ఆ మిషను "లేదు" అని చెప్పేసింది. ఈ రోజు ఫోనులో ఒక్క ఫోటోకు కూడా చాలదది.

లెక్చరరుగారికి చెమటలు పట్టాయి, ఏసీ గదిలో.

"యాలమ్మా నీకంత ఆశ? దాన్ని లేదనేదాకా ఎవురడగమన్నారు?"

"లేదంటాదో లేదో తెలుసుకుందామని సార్."

"ఆడపిల్లవి, ఇచ్చినకాడికి తీసుకోవల్ల."

ఆ మిషను నాకు బాగా నచ్చింది. ఉంటే ఉందంది, లేకపోతే లేదంది. మొహమాటం లేదు. మా ఇంట్లో నాకు పేరు పడింది సరిగ్గా ఆ గుణానికే.

కాబట్టి శుక్రవారం సాయంత్రం, పిల్లలు బస్సులెక్కిపోయాక, కుప్పం ల్యాబులో అదే ప్రోగ్రామును మళ్లీ రాశాను. పట్టుమని పది లైన్లు కూడా లేదు. ఒక మెగాబైటు ఇమ్మని అడగాలి, ఇచ్చినప్పుడల్లా అంకె ఒకటి పెంచాలి, లేదన్నప్పుడు ఆగి అంకె చూపించాలి. అద్దాల గదిలోని మిషనుకు ఉన్నది అయిదువందల పన్నెండు మెగాబైట్లు. డిస్కు మీద అరువుకు వాడుకునే చోటు మరికొంచెం. ప్రిన్సిపాలుగారిని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"ఇప్పుడు సూడండి సార్. వెయ్యి చేరేలోగా చేతులెత్తేస్తాది. దాన్ని అరవైమందికి పంచుకోండి, తెలుస్తాది" అన్నాను. ఆ గొంతులో ఎంత ధీమా ఉందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

అంకె అయిదువందలు దాటింది. వెయ్యి దాటింది. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. రెండువేలు దాటింది. మూడువేలకు కాస్త ఇవతల ఆగింది. మిషను ఆయాసపడలేదు, దీపం మినుకుమనలేదు. ఉన్నదానికి ఆరింతలు దానం చేసి, ఇంకేమైనా కావాలా తల్లీ అన్నట్టు చూస్తోంది.

ప్రిన్సిపాలుగారు కుర్చీలోంచి లేచారు. ఆ లేవడంలోనే ఒక ఊరేగింపు ఉంది.

"ఏమ్మా, అయిదొందలే కదా కొనింది మనం?"

"అవును సార్."

"మూడువేలు ఇచ్చె కదా?"

"ఇచ్చిందని అంటాండాది సార్."

"అంటాండేది ఎవురు? నువ్వు రాసిన ప్రోగ్రామే కదా? మిషను మంచిది. నీ నోరే సాలదంటాండాది." ఆయన ఆ తెరను ప్రింటు తీయించారు. కింద నాతో సంతకం కూడా పెట్టించారు. ఆ కాగితం కమిటీవాళ్ల ఫైలులో కుదురుగా కూర్చుంది. మరుసటి నెల వాళ్లు దాన్ని చూసి "సంతృప్తికరం" అని రాసి, టీ తాగి వెళ్లారు కూడా. నా పనితనాన్ని ఆ కాలేజీ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన బ్యాంకులో పనిచేసేవాడు. బ్యాంకువాళ్లకు ఎదుటివాళ్ల కష్టం వింటే ఆకలేస్తుంది.

"పెండ్లయినకాడ్నుంచి నిన్ను బదులు చెప్పనీకుండా చేసింది ఇదొక్కటే. ఆ మిషను ఎంతకిస్తారో అడుగు, ఇంట్లో పెట్టుకుందాం" అన్నాడు సంగటి ముద్ద విరుస్తూ.

నాకు ఒళ్లు మండింది. అయినా మా పుంగనూరు పెంపకం పోదు కదా. ఎంత కోపంలో ఉన్నా తినే మనిషిని అడగాలి. "పప్పు ఇంకా శానా ఉండాది, ఏసుకో" అన్నాను.

"సరే, ఎయ్యి" అని కంచం ముందుకు తోశాడు.

గరిటె గిన్నెలో పెట్టాను. అడుగుకు తగిలి గరగరమంది. పప్పు ఎప్పుడో అయిపోయింది.

మా వైపు ఇది మర్యాద. గిన్నె ఖాళీ అయ్యాకనే "ఇంకా శానా ఉండాది" అనే మాట ఎక్కువ గట్టిగా వస్తుంది. తినేవాళ్లూ మర్యాద తెలిసినవాళ్లే, "సాలక్కా, కడుపు నిండిపాయ" అని చేయి అడ్డం పెడతారు. ఇద్దరికీ నిజం తెలుసు, ఇద్దరి పరువూ నిలబడుతుంది. చిన్నప్పుడు మా ఇంటికి కోలారు వైపు నుంచి ఒక మామ వచ్చేవాడు. ఆయనకు ఈ చేయి అడ్డం పెట్టే విద్య రాదు. మా అమ్మ "ఇంకా ఉండాది పెట్టుకోప్పా" అంటే చాలు, "పెట్టక్కా" అనేవాడు. మా అమ్మ నవ్వుతూనే వంటింట్లోకి వచ్చి, నా కంచంలోది తీసి పట్టుకుపోయేది. అంచుకు పెట్టుకున్న ఊరిబిండి పచ్చడి కూడా వదిలేది కాదు. ఆయన బండెక్కేదాకా నేను ఏ ముద్దనూ నాదని నమ్మలేదు.

గరిటె చేతిలో పట్టుకునే నేను నిలబడిపోయాను. నా ప్రోగ్రాము ఏం చేసింది? ఇస్తావా అని అడిగింది. మిషను ఇస్తానంది. అంతే. తీసుకున్న చోట ఒక్క అక్షరమైనా పెట్టి చూసిందా? లేదు. కంచం ముందుకు తోయలేదు. మర్యాదకు పిలిస్తే మర్యాదగా లేచి వచ్చేసింది. ఈ కొత్త మిషను మా అమ్మ లాంటిది. ఎంతమంది అడిగినా ఉందనే అంటుంది, ఎవరూ నిజంగా తినరనే ధైర్యంతో.

"పప్పు అయిపాయనా?" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడో అయిపాయ. ఈ మాటే నిన్న చెప్పింటే నా పరువు దక్కింటాది" అన్నాను. ఆయనకు ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు.

శనివారం కాలేజీకి సెలవు. నేను పోయి ప్రోగ్రాములో ఒక్క లైను చేర్చాను. మిషను ఎంత ఇస్తే అంతా అక్షరాలతో నింపమని. ఈసారి ఒక్క పెద్ద ఆశపోతును కాకుండా, పరీక్షలో ఒక్కో పిల్ల ఎంత అడుగుతుందో అంతే అడిగే చిన్నవాటిని అరవై తయారుచేసి, ఒకదాని వెనుక ఒకటి వదిలాను. ప్రిన్సిపాలుగారిని పిలవలేదు. పిలిస్తే మిషనుకు దండ వేస్తారని భయం. ఆయన కూడా ఆ రోజు వచ్చి తన గదిలో కూర్చుని ఉన్నారని నాకు తెలియదు.

ముప్పై దాకా సాఫీగా నడిచింది. ముప్పైఅయిదు దగ్గర డిస్కు మోత మొదలైంది, చెనిక్కాయలు ఒలిచే మిషనులాగా. నలభైకి తెర మీద అక్షరాలు బిగుసుకుపోయాయి. ఆ పైన మిషను దగ్గర ఇక దాచిందేమీ లేదు. అందరికీ ఉందని చెప్పుకుంది, అందరూ ఒక్కసారిగా కంచాలు తోశారు. అలాంటప్పుడు అది చేసే పని ఒకటుంది. నడుస్తున్న వాటిలో ఎక్కువ మేసేది ఏదో చూసి, దాన్ని చంపేస్తుంది. నోటీసు లేదు, సంజాయిషీ లేదు. మా కాలేజీలో ఏనాడూ చూడని న్యాయం.

ఎక్కువ మేసేది నా అరవైలో ఒకటి అనుకున్నాను. కాదు. నావి పాపం చిన్న పిల్లలు. వరండాలోంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

"అమ్మా! నా కమిటీ యాడికి పాయ?"

పొద్దున నుంచి ఆయన తన తెర ముందు కూర్చుని, కమిటీవాళ్లకు చూపించడానికి రంగురంగుల బొమ్మలతో "మన సౌకర్యాలు" తయారుచేస్తున్నారట. తోట ఫోటో, గేటు ఫోటో, తాగునీరు ఫోటో. మధ్యలో ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. అంత నమ్మకం.

"మిషను సంపేసింది సార్. అందరికంటే ఎక్కువ తింటాండేది మీదే."

"నువ్వేం సేసినావు ముందు సెప్పు!"

"సోమవారం జరగబోయేది ఈ పొద్దు సేసినా. అరవైమందిని కూర్చోబెట్టినా. మీ బొమ్మలు మళ్లా ఏసుకోవచ్చు సార్. పిల్లోళ్ల పరీక్ష పోతే మళ్లా పెడతారా?"

"నిన్న మూడువేలు ఇచ్చింది ఏమాయ మరి?"

"ఇస్తాననింది. ఇయ్యలేదు." ఆయన మొహం చూసి, కంప్యూటరు భాష ఇక పనికిరాదని అర్థమైంది. "సార్, మొన్న మదనపల్లెలో మీ అమ్మాయి పెండ్లి సేసినారు కదా. భోజనాలకు బంతులు ఎన్ని ఏసినారు?"

"ఇప్పుడు ఆ మాట యాల? మూడు బంతులు."

"కల్యాణమండపం బయట ఎనిమిదొందల మందికని బోర్డుండాది కదా? అందర్నీ ఒకేసారి యాల కూర్చోబెట్టలేదు?"

"నీకు బుద్ధుండాదా అమ్మా? బోర్డుండేది మండపానికి. ఆకులు పరిచే చోటు, వడ్డించే మనుషులు, ఇవన్నీ ఉండొద్దా? ఎవురైనా అందర్నీ ఒకేసారి..." అక్కడ ఆయన ఆగిపోయారు.

నోరు మూసుకుని ఉండటం కూడా వాదనే అని ఆ రోజు తెలిసింది, ఆ తర్వాత ఎక్కువగా వాడలేదు.

ఆయన తలుపు వైపు చూశారు. "రెండు బ్యాచులని మాత్రం నేను రికార్డులో రాయను."

"రాయొద్దు సార్. పెండ్లిపత్రికలో ఎవురన్నా బంతులని అచ్చేయిస్తారా?"

అట్లా కుదిరింది. కాగితం మీద అరవైమందికీ ఒకే పరీక్ష, పొద్దున నుంచి సాయంత్రం దాకా. లోపల మాత్రం సగంమంది మిషన్ల మీద ఉంటే, మిగతా సగం ఎగ్జామినరు ముందు నోటి ప్రశ్నలకు జవాబులు చెబుతారు. భోజనాల తర్వాత వీళ్లు అటు, వాళ్లు ఇటు.

సోమవారం పొద్దున అద్దాల గది తలుపు మీద కొత్త బోర్డు కనిపించింది. "మిషనును పరీక్షించుట నిషేధము." ఆదివారం పెయింటరును పిలిపించారు. మెమరీ కొనడంకంటే పెయింటు తొందరగా ఆరుతుంది.

పిల్లలకు నేను బంతుల భాషలోనే చెప్పాను, వాళ్లకు చటుక్కున ఎక్కింది. రెండో సగంలో పడిన గుడుపల్లె పిల్ల ఒకతె దిగులుగా అడిగింది.

"మేడమ్, రెండో బంతికి ఏమన్నా మిగుల్తాదా?"

"ముందు తినేవాళ్లను అడుగు. పాయసం అయిపోతే నాకు సెప్పు."

మొదటి బంతి సుఖంగా గడిచింది. రెండో బంతి కూర్చుని గంటయిందో లేదో, డిస్కు మోత మొదలైంది. ముప్పైమందే కదా ఉండేది? చూస్తే, మొదటి బంతిలోవాళ్లు నలుగురైదుగురు తమ తెరలు మూయకుండానే వెళ్లిపోయారు. వాటి పని ఇంకా నడుస్తూనే ఉంది. వరండాలోకి పోయి కేకేశాను.

"తిన్నోళ్లు ఆకు ఎత్తేసి లేయల్ల కదప్పా! ఎంగిలాకు ముందర కూర్చోని ఎవురికోసరం?"

వాళ్లు పరుగున వచ్చి మూసేశారు. మోత తగ్గలేదు. గుడుపల్లె పిల్ల తెర బిగుసుకుపోయింది. చేతులు కీబోర్డు మీద గాల్లో ఉంచి, నావైపు చూస్తోంది. ప్రోగ్రాము చివరి లైనులో ఉందట. ఆ క్షణాన మిషను ఎవరినో ఒకరిని చంపడానికి లెక్కలు వేసుకుంటోందని నాకు తెలుసు. ఆ లెక్క అన్నిసార్లూ న్యాయంగానే తేలుతుందని నమ్మకం లేదు. అద్దాల గదిలోకి పోయి, ఎవరెవరు ఎంత తింటున్నారో చూశాను. అన్నిటికంటే పైన, దర్జాగా, ప్రిన్సిపాలుగారి గది. "మన సౌకర్యాలు". మళ్లీ తోట, మళ్లీ గేటు, ఈసారి రెండింతల ఫోటోలతో.

శనివారం మిషను చేసిన పనిని ఈసారి నేనే చేశాను. ఒక్క లైను కొట్టి చంపేశాను. మోత ఆగింది. గుడుపల్లె పిల్ల తెర కదిలింది.

ఇంటర్‌కమ్ మోగింది. "అమ్మా, మళ్లా పాయ!"

"అట్లనా సార్? మిషనును పరీక్షించగూడదని బోర్డుండాది కదా, నేను సూడలేను" అన్నాను.

సాయంత్రానికి అరవైమంది ప్రింట్లూ ఎగ్జామినరు బల్ల మీద ఉన్నాయి. గుడుపల్లె పిల్ల తన కాగితాన్ని ఆరిందో లేదో అని ఊదుతూ తెచ్చింది. ఎగ్జామినరుగారు పెట్టె సర్దుకుంటుంటే ప్రిన్సిపాలుగారు వచ్చి తలుపు మీది ఎర్ర అక్షరాలను చూపించారు.

"సూసినారా సార్? అరవైమంది! మిషను కిమ్మనలేదు. ఈమె సాలదు సాలదని ఒకటే గోల."

"నిజమే సార్" అన్నాను. "మీ అమ్మాయి పెండ్లిలో ఎనిమిదొందల మంది ఒకేసారి కూర్చోని తిన్లేదా, అట్లనే."

ఎగ్జామినరుగారు తలెత్తారు. "ఆ పెండ్లికి నేనూ వచ్చినా కదమ్మా. మూడో బంతి. ఓళిగలు దొరకలేదు."

"నాకూ దొరకలేదు సార్" అన్నాను.

"అయ్యో, ఇంకా శానా ఉండినాయి కదప్పా!" అన్నారు ప్రిన్సిపాలుగారు, నిజంగానే నొచ్చుకుంటూ. "అడగొద్దా మీరు?"